మా బావా, నలభై ఎలుకలూ

మా బావ గురించి చెప్పమంటే అందరూ ముందు మంచివాడంటారు. నేననను. ఆ మంచితనం కాస్త తక్కువైతే మా అక్క జుట్టు ఇంత తొందరగా తెల్లబడేది కాదు. మనిషి పొట్టి. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న పుస్తకం, పెన్సిలు ముక్క. మందుల పరిశోధన చేసే సంస్థలో ఇరవై రెండేళ్ళుగా ఎలుకల గది చూసుకుంటున్నాడు. తలుపు మీద ఆ గదికి పెద్ద పేరేదో రాసి ఉంటుంది గానీ అందరూ ఎలుకల గదే అంటారు, ఆయన్ని ఎలుకల పెద్దాయన అంటారు. అదే భవనంలో కింది అంతస్తులో సీసాలూ పెట్టెలూ కడిగేది నేను. ఆ ఉద్యోగం చూపించింది ఆయనే కాబట్టి ఆయన మీద నోరు పారేసుకోకూడదు. కానీ నా నోరు నా మాట వినదు.

తెల్లకోటు, తలకు టోపీ, కాళ్ళకు తొడుగులు వేసుకుని లోపలికి వెళ్తూనే "ఏరా, తిన్నారా?" అని ఎలుకల్ని పలకరిస్తాడు. తోక పట్టుకుని ఎత్తడం ఆయనకు గిట్టదు. రెండు చేతులూ దోసిలి పట్టి ఎత్తుతాడు. కరిస్తే "తప్పు నాదేలే" అంటాడు. ఇంట్లో అక్క చేతిలోంచి గిన్నె జారితే మాత్రం ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తాడు. సెలవురోజు కూడా ఓసారి వెళ్ళి చూసి రాకపోతే ఆయనకు తోచదు. ఇల్లు అక్కడికి రెండు వీధుల దూరమే. ఇంతా చేసి, పరిశోధన ముగిసిన రోజున ఆ ఎలుకలన్నింటికీ మందిచ్చి నొప్పి తెలియకుండా చంపేస్తారు, లోపల ఏం జరిగిందో కోసి చూడాలి కదా. ఆ సంగతి ఆయనకు ఇరవై రెండేళ్ళుగా తెలుసు. ఆ రోజు అన్నం ముట్టడు. మర్నాడు కొత్తవాటికి పొట్టు పరిచి, నీళ్ళ సీసాలు తగిలించి మళ్ళీ "ఏరా" అంటాడు.

గొడవంతా స్కానింగు మిషన్‌తో మొదలైంది. మా మేడం పరిశోధన పొట్టలోని పెద్ద రక్తనాళం మీద. గుండె నుంచి కిందికి దిగే గొట్టం అది. కొందరికి, ముఖ్యంగా ఏళ్ళ తరబడి పొగ తాగిన మగవాళ్ళకి, వయసు మళ్ళాక ఆ గొట్టం ఒకచోట మెత్తబడి ఉబ్బుతుంది. నొప్పీ గిప్పీ ఏమీ ఉండదు. ఉబ్బి ఉబ్బి ఏదో ఒకరోజు పగులుతుంది. ఆ ఉబ్బు ఆపే మందు ఇంకా దొరకలేదు. ముదిరితే పొట్ట కోసి, పాడైన చోట కొత్త గొట్టం కుట్టాల్సిందే. ఆ మందేదో పట్టుకుందామని మేడం ఎలుకలకి ఆ జబ్బు తెప్పించి, ఒక్కొక్క మందూ ఇచ్చి చూస్తుంటారు.

ఎలుకల పొట్టలు చూసే మిషన్ అమ్మడానికి ఒకాయన టై కట్టుకుని వచ్చాడు. ఎలుకల పొట్ట మీద ఆనించి జరిపే చిన్న పిడి కొంటే, పెద్ద జంతువుల మీద జరిపే పెద్ద పిడి ఊరికే ఇస్తామన్నాడు. అది ఎలా పనిచేస్తుందో చూపించడానికి పెద్ద జంతువేదీ మా దగ్గర లేదే అన్నారు మేడం. మా బావ చొక్కా గుండీలు విప్పి బల్ల మీద పడుకున్నాడు.

"చూడండి మేడం, ఎంత స్పష్టంగా ఉందో! ఇదిగో కాలేయం. ఇదిగో వెన్నెముక. ఇదిగో పెద్ద రక్తనాళం, ఇదిగో..." అని అతను ఆగిపోయాడు.

మేడం తెర దగ్గరికి వంగి చూశారు. రెండు సెంటీమీటర్లు ఉండాల్సిన గొట్టం ఐదు ఉంది.

"బొమ్మ మాత్రం చాలా బాగా వచ్చింది మేడం," అన్నాడు అమ్మకానికి వచ్చినాయన.

మిషన్ కొన్నారు. మా బావ ఆ రోజే సిగరెట్లు మానేశాడు. పెద్దాసుపత్రి డాక్టరు చూసి, ఐదున్నర దాటేదాకా ఆగొచ్చు, ఆర్నెల్లకోసారి రమ్మన్నాడు. మొదటి ఆర్నెల్లకి ఐదు పాయింట్ మూడు. ఏడాదికి ఐదు పాయింట్ ఆరు. ఇక ఆలస్యం చెయ్యొద్దు, పగిలిందంటే అంబులెన్సు వీధి మలుపు కూడా తిరగదు అన్నాడు డాక్టరు. మా అక్క అక్కడే కుర్చీ పట్టుకుని నిలబడిపోయింది. మా బావేమో నిమ్మకు నీరెత్తినట్టు "ఆలోచించి చెప్తా" అని చొక్కా వేసుకున్నాడు.

"ఆలోచించడానికేముంది బావా? కోయించుకోవడమేగా," అన్నాను దారిలో.

"నీకేం, చెప్తావ్. పొట్ట కోశాక లేచినవాణ్ణి ఇరవై రెండేళ్ళలో ఒక్కణ్ణి చూళ్ళేదు నేను."

"ఎలుకల సంగతి మాట్లాడుతున్నావా?"

"పొట్ట పొట్టే కదా మరదలా."

మేడం కొత్త పరీక్ష మొదలుపెట్టింది సరిగ్గా ఆ వారమే. వేరే జబ్బుకి దుకాణాల్లో ఎప్పటి నుంచో దొరికే మందొకటి ఈ ఉబ్బును ఆపుతుందేమో చూద్దామని. ఇది విన్నాక మా బావ తీర్పు చెప్పేశాడు. పన్నెండు వారాలు ఆగుతాడట. మందు ఎలుకల్లో పనిచేస్తే తనూ అదే వాడతాడు, పనిచెయ్యకపోతే నోరెత్తకుండా ఆపరేషను బల్ల ఎక్కుతాడు. మా అక్క ఏడ్చింది, అలిగింది, రెండు రోజులు మాట్లాడ్డం మానేసింది. చివరికి తన తల మీద చెయ్యి వేయించి ఆ మాట మీద ఒట్టు పెట్టించుకుంది.

"ఎలుక తుమ్మితే వినబడుతుందే ఆయనకి," అంది నాతో. "నేను పక్కనే కూచుని ఏడిస్తే వినబడదు."

పరీక్ష ఇలా జరుగుతుంది. నలభై ఎలుకలు, పెట్టెకు ఐదు చొప్పున ఎనిమిది పెట్టెలు. ప్రతి ఎలుకకీ వీపు చర్మం కింద చిక్కుడు గింజంత గొట్టం పెడతారు. దాంట్లోంచి కొద్దికొద్దిగా ఊరే రసాయనం వల్ల రక్తనాళం ఉబ్బుతుంది. నాలుగు పెట్టెలకి ఎర్రమూత నీళ్ళ సీసాలు, నాలుగింటికి నీలంమూతవి. ఒక రంగు సీసాల్లో మందు కలుపుతారు, రెండో రంగువి వట్టి నీళ్ళు. ఏది ఏదో నీళ్ళు కలిపే ఆవిడకి తప్ప మేడంకి కూడా తెలియదు. తెలిస్తే చూసే కన్ను పక్షపాతం చూపిస్తుందట. అందుకని ఆ రహస్యం కాగితం మీద రాసి, కవరులో పెట్టి, లక్క వేసి బీరువాలో పెడతారు. పన్నెండు వారాలూ అయ్యాకే తియ్యాలి.

మూడో వారంలో కడిగిన సీసాలు పట్టుకుని నేనే పైకి వెళ్ళాను. మా బావ తలుపుకి వీపు పెట్టి నిలబడ్డాడు. ఎర్రమూత సీసా ఒకటి నీలం పెట్టె మీద బోర్లించి ఉంది. ఇంకో ఎర్రమూత సీసాలోంచి కొలత గ్లాసులోకి గుక్కెడు వంచుకుని మా బావ గుటుక్కున మింగాడు.

"ఏంటి బావా ఇది!"

"మెల్లగా! గోడలకి చెవులుంటాయి."

"గోడల చెవులు తర్వాత. ఎర్ర సీసా నీలం పెట్టె మీదికి ఎందుకెక్కింది?"

మా బావ గ్లాసు కింద పెట్టి, తప్పు నాదైనట్టు నావైపు చూశాడు. "పంక్తిలో వలపక్షం చెయ్యకూడదు మరదలా. పక్కపక్కన కూచోబెట్టి వీళ్ళకి మందు, వాళ్ళకి వట్టి నీళ్ళా? పది రోజుల్లో నీలం వాళ్ళు ముగ్గురు పోయారు. పొట్ట నిండా రక్తం. ఎర్రవాళ్ళలో ఒక్కడు కూడా పోలేదు. అంటే మందు ఎర్రదాంట్లోనే ఉంది. అందుకని ఒకరోజు వీళ్ళకి, ఒకరోజు వాళ్ళకి. ఇంక ఎవరూ ఎవర్నీ చూసి ఏడవక్కర్లేదు."

"మరి నువ్వు తాగిందేంటి?"

"నేనూ ఆ పంక్తిలోనే కూచున్నా కదా."

నాకు నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. "ఎలుక బరువెంత?" అన్నాను.

"ఇరవై ఐదు గ్రాములు."

"నువ్వెంత?"

"అరవై ఐదు కిలోలు," అని వేళ్ళు మడిచి లెక్క కట్టుకున్నాడు. "రెండువేల ఆరొందల ఎలుకల పెట్టు."

"రెండువేల ఆరొందల ఎలుకలకి గుక్కెడు మందా? అది నీ కాలి చిటికెనవేలి దాకా కూడా పోదు బావా."

"నీకేం తెలుసు! చేదుగా ఉంటుంది. తాగినప్పట్నుంచీ లోపలంతా తేలిగ్గా ఉంది."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో వాదించి లాభం లేదు. మేడంతో చెప్పేద్దామని మెట్ల దాకా వెళ్ళాను. చెబితే ఇరవై రెండేళ్ళ ఉద్యోగం పోతుంది, పైగా జబ్బు మనిషి. చెప్పకపోతే మేడం పని గంగలో కలుస్తుంది. అక్కడ మెట్టు మీద నిలబడి ఉండగా నాకొక పాడుబుద్ధి పుట్టింది. రెండు గుంపులూ సగం సగం తాగితే రెండు గుంపులకీ తేడా ఉండదు. తేడా లేకపోతే మందు పనిచెయ్యలేదంటారు. పనిచెయ్యలేదంటే బావ ఒట్టు ప్రకారం ఆపరేషనుకి వెళ్ళాలి. నేను వెనక్కి తిరిగి, సీసాలు కడుక్కోవడానికి కిందికి పోయాను. నా పాపం కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

పన్నెండు వారాలూ మా అక్క ఇంట్లో నీడలా ఆయన వెనకే తిరిగింది. గట్టిగా దగ్గితే పరుగెత్తుకొచ్చేది. చెప్పు తొడుక్కోవడానికి వంగితే తనే తొడిగేది. ఆఖరివారం డాక్టరు దగ్గర ఐదు పాయింట్ తొమ్మిది తేలింది. లోపల తేలిగ్గా ఉందని అప్పుడు కూడా అన్నాడు. ఆ మర్నాడే మిగిలిన ముప్ఫై నాలుగు ఎలుకల్నీ ముగించి, కోసి కొలిచారు. బావ అన్నం తినలేదు. నేనూ తినలేదు.

కవరు తీసే రోజు మా అక్క కూడా వచ్చి మేడం గది బయట బల్ల మీద కూచుంది. లోపల మేడం, నేను, గుమ్మం పక్కన బావ.

"కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు," అన్నారు మేడం కాగితాలు తిరగేస్తూ. "నేను నలభై ఎలుకల్ని కోసి ఏమీ పట్టలేదు. ఎర్రగుంపుకీ నీలంగుంపుకీ వెంట్రుకవాసి తేడా లేదు. మందు పనిచెయ్యలేదు."

నా ప్రాణం లేచొచ్చింది. బయట మా అక్క విందో లేదో అని తలుపు వైపు చూశాను. మేడం లక్క పగలగొట్టి కవరులోంచి కాగితం తీసి చదివారు. "నీలంమూత, మందు. ఎర్రమూత, మంచినీళ్ళు."

మా బావకు దొంగకు తేలు కుట్టినట్టయింది. పదివారాలు పూటపూటా తాగాడాయె. నోరు మూసుకుని ఉంటే ఏమీ లేదు.

"మంచినీళ్ళా?" అన్నాడు. "చేదుగా ఉండేవే!"

మేడం తలెత్తారు. "మీకెలా తెలుసు?"

నేను ఆయన కాలు తొక్కాను. గట్టిగానే తొక్కాను. "వెళ్దాం పద బావా, అక్క కూచునుంది," అన్నాను. ఆయన నా వైపు చూడలేదు.

"మేడం, ఆ లెక్క తప్పు," అన్నాడు. "మందు ఓడిపోలేదు. నేను ఓడించాను."

మొత్తం చెప్పేశాడు. నీలం వాళ్ళు ముగ్గురు పోయిందీ, వలపక్షం సంగతీ, గుక్కెడు సంగతీ. జేబులోంచి చిన్న పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. ఏ రోజు ఏ సీసా ఏ పెట్టెకు మార్చాడో తేదీలతో సహా రాసి ఉంది.

"ఇవన్నీ రాశారా?" అన్నారు మేడం.

"రాయకపోతే ఎలా మేడం? తప్పు చేశానని లెక్క కూడా తప్పుతానా?"

మేడంకి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఏడుపులోకి దిగారు. నాకు తెలుసని కూడా అప్పుడే చెప్పేశాను, ఇక దాచడానికి సిగ్గేసింది. కాసేపటికి మేడం ముక్కు తుడుచుకుని, "మీ ఇద్దరి మీదా కోపం రేపు తెచ్చుకుంటాను. ఇవాళ ఓపిక లేదు," అన్నారు. "ఇదంతా చెత్తబుట్టలోకే. మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి."

"మొదటి నుంచంటే?" అన్నాడు బావ.

"ఇంకో నలభై."

అక్కడ కూలబడిపోయాడు. గుమ్మంలో నేల మీద. "నా మూలంగా ఇంకో నలభయ్యా? ఆ నలభైమందీ ఊరికే పోయారా?" అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తన రక్తనాళం ఐదు పాయింట్ తొమ్మిదని డాక్టరు చెప్పినప్పుడు చుక్క నీరు పెట్టని మనిషి. నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

"ఈసారి పన్నెండు వారాలు మీరు ఆ గదిలో అడుగు పెట్టకూడదు," అన్నారు మేడం. "రాసిస్తారా?"

"రాసిస్తా మేడం. కానీ నన్ను నమ్మొద్దు. ఒక పెట్టెలో వాళ్ళే చచ్చిపోతున్నారని తెలిస్తే నా చెయ్యి ఊరుకోదు."

"సెలవు పెట్టి ఇంట్లో ఉండండి."

"ఇల్లు రెండు వీధులే మేడం."

"తాళం మార్పిస్తాను."

"ఆ తలుపుకి తాళంతో పనేముంది? కింద కాస్త ఎత్తి తోస్తే వచ్చేస్తుంది."

అప్పుడు మా అక్క లోపలికి వచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని, ఎవరినీ చూడకుండా మేడంతోనే మాట్లాడింది. "ఈయన్ని మంచానికి కట్టేసే చోటొకటుందమ్మా. పొట్ట కోసి కుట్టేస్తే రెండు నెలలు బరువెత్తకూడదట, మెట్లెక్కకూడదట. డాక్టరే చెప్పారు. ఎలుకల గది మూడో అంతస్తే కదా?"

ఎవరూ నవ్వలేదు. మా బావ ఏడుపు ఆపి, నిజంగానే ఆలోచించాడు.

"రెండు నెలలంటే ఎనిమిది వారాలే అయ్యాయి. పన్నెండు కావాలి."

"మిగిలిన నాలుగూ నేను చూసుకుంటాను," అంది అక్క. ఆ గొంతు విని నాకే భయమేసింది.

"అయితే సరే," అన్నాడు.

తన ప్రాణం కోసం ఒప్పుకోమని మూడు నెలలుగా బతిమాలితే ఒప్పుకోని మనిషి, ఎలుకల్ని తన చేతుల నుంచి కాపాడ్డానికి చిటికెలో ఒప్పుకున్నాడు. ఇలాంటివాణ్ణి మంచివాడంటారా, పిచ్చివాడంటారా, మీరే చెప్పండి. మేడం కోపం అన్న మాట ప్రకారం మర్నాడు తెచ్చుకున్నారు. పైవాళ్ళకు రాశారు. మా ఇద్దరికీ హెచ్చరిక కాగితాలు వచ్చాయి. ఇంకో పనికోసం తెప్పించిన నలభై ఎలుకల్ని ఈ పరీక్షకు మళ్ళించారు. ఈసారి మూతలు పసుపు, తెలుపు. సీసాలు మార్చే పని నాకే ఇచ్చారు. ఎందుకని అడిగితే, "ఈ తప్పు మళ్ళీ చెయ్యనిది ఈ భవనంలో మీరొక్కరే," అన్నారు మేడం.

కొత్త పరీక్ష రెండోవారంలో బావ ఆపరేషను. అప్పటిదాకా అక్క ఆయన్ని గడప దాటనివ్వలేదు. ఉదయం ఆసుపత్రికి వెళ్తే తోపుడు మంచం మీద పడుకుని ఉన్నాడు. అక్క ఆయన పాదాలు పట్టుకుని నిలబడింది. "సీసా గొట్టం కొనలో గాలిబుడగ ఉంటే నీళ్ళు రావు మరదలా. వేలితో తట్టి చూడు," అన్నాడు. సరేనన్నాను. తలుపులు మూశారు. అక్కడ నేను చేసేదేమీ లేదు, సీసాలు మార్చే వేళయింది, పనికి వెళ్ళాను.

ఆరో పెట్టెలో రెండు చచ్చిపడి ఉన్నాయి. తెల్లమూత పెట్టె. మిగిలిన మూడూ ఒక మూల ఒకదాన్నొకటి అంటుకుని కూచున్నాయి. అంతకుముందు పోయిన ఒక్కటీ తెల్లమూతదే. నా బండిలో పసుపుమూత సీసా ముందుంది. గదిలో ఎవరూ లేరు. నాకు అన్నీ తెలుసు. ముగ్గురు పోయినంత మాత్రాన ఏదీ తేలదని తెలుసు, నీలంమూత సంగతి నా కళ్ళతో చూశాను. అయినా పసుపుమూత సీసా నా చేతిలోకి వచ్చింది. సరిగ్గా ఆ వేళకి అక్కడ బావ పొట్ట కోస్తుంటారు. ఇక్కడ వీటికి ఓ గుక్కెడు పోస్తే అక్కడ ఆయన లేస్తాడన్నట్టు ఏదో పిచ్చి పట్టింది నాకు. భయం, కోపం, ఏడుపు, అన్నీ కలిసి వచ్చాయి. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. తర్వాత పసుపుది కింద పెట్టి, తెల్లమూత సీసా తీసి, వేలితో తట్టి, తెల్లమూత పెట్టెకే తగిలించాను.

ఐదు గంటలు పట్టింది ఆపరేషను. మర్నాడు మధ్యాహ్నం నన్ను లోపలికి పంపారు. ముక్కులో గొట్టం, చేతికి సూది, మొహం పాలిపోయి ఉంది గానీ కళ్ళు తెరిచే ఉన్నాయి. పొట్ట కోశాక లేచినవాణ్ణి మొదటిసారి ఆయన కూడా చూశాడు. నన్ను చూసి వేలితో దగ్గరికి రమ్మన్నాడు.

"ఎంతమంది పోయారు?"

"ముగ్గురు."

"ఒకే రంగా?"

"చెప్పకూడదు బావా."

ఆయనకి అర్థమైపోయింది. "మార్చావా?"

"లేదు."

"సీసా ఎంతసేపు పట్టుకున్నావ్ చేతిలో?" అన్నాడు.

"చాలాసేపు."

"అయ్యో పాపం. అంత కష్టం నీ నెత్తిన పెట్టి, నేను హాయిగా పడుకున్నాను మరదలా. తిట్టు నన్ను."

ఆ పూట నాకు ఒక్క తిట్టు కూడా నోటికి రాలేదు. సూది లేని చెయ్యి పట్టుకుని భోరున ఏడ్చాను. ఆయనా మొదలుపెట్టాడు. నర్సు వచ్చి, కుట్ల మీద ఒత్తిడి పడుతుంది, మనిషిని ఏడిపించొద్దని నన్ను బయటికి పంపేసింది.